ఎడమ స్టూలు మీద వంద న్యూటన్లు

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట నా భార్య అంటుంది, మా అక్క అంటుంది, ముప్పై ఒక్క ఏళ్ళు నా దగ్గర ఫిజిక్సు చదువుకున్న పిల్లలందరూ అంటారు. కాదనను. కానీ నాకు బళ్ళో ఇంకో పేరు కూడా ఉండేది. లెక్క పూర్తయిన ప్రతిసారీ 'సరిచూసుకోండి' అనేవాణ్ణి కాబట్టి పిల్లలు నన్ను 'సరిచూడు సారు' అనేవారు. ఆ సంగతి నాకు తెలియదనుకునేవారు. తెలుసు. పైకి చిర్రుబుర్రులాడినా లోపల మురిసిపోయేవాణ్ణి.

ఇప్పుడు ఆ పేరు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

సమతాస్థితి పాఠమంటే నాకు ప్రాణం. కదలకుండా ఉన్న వస్తువు మీద బలాలన్నీ కలిపితే సున్నా రావాలి. ఏ బిందువు దగ్గర వేలు పెట్టి చూసినా, దాన్ని ఇటు తిప్పేవీ అటు తిప్పేవీ సరిసమానంగా ఉండాలి. ఆ తిప్పే ప్రభావాన్నే భ్రామకం అంటాం. విషయమంతా ఇంతే. ఒక బిందువు దగ్గర లెక్కకట్టి జవాబు తెచ్చుకున్నాక, మరో బిందువు దగ్గర కూడా కట్టి చూడాలి. అక్కడా కుదిరితే జవాబు సరైనదే. సరిచూసుకోవడమంటే నా దృష్టిలో అది. వెనక్కి వెళ్ళి అవే కూడికలు మళ్ళీ కూడడం కాదు.

ఆ పాఠానికి నేను సొంతంగా ఒక లెక్క తయారుచేశాను. ఏ పుస్తకంలోంచీ ఎత్తింది కాదు. నాలుగు మీటర్ల చెక్క, దాని బరువు రెండు వందల న్యూటన్లు. ఎడమ చివర కింద ఒక స్టూలు, కుడి చివరికి ఒక మీటరు ఇవతల ఇంకో స్టూలు. అయిదు వందల న్యూటన్ల బరువున్న మనిషి కుడి కొసన నిలబడ్డాడు. ఏ స్టూలు ఎంత మోస్తోంది? పది మార్కులు. నా నోటు పుస్తకంలో జవాబు రాసుకున్నాను: ఎడమ స్టూలు వంద, కుడి స్టూలు ఆరు వందలు. మొత్తం ఏడు వందలు. చెక్క బరువూ మనిషి బరువూ కలిపితే అంతే కదా అని పుస్తకం మూసేశాను.

ఇరవై రెండేళ్ళ కిందట ఆ లెక్క ఏడాది చివరి పరీక్షలో ఇచ్చాను. ఆ ఏడాది నా క్లాసులో మా అక్క కూతురు ఉంది. వాళ్ళ ఇల్లు మాకు రెండు వీధుల అవతల. చిన్నప్పట్నుంచీ దానికి ఒక పిచ్చి: ఎవరింట్లో కుర్చీ ఊగినా, బల్ల కిర్రుమన్నా ఏ కాలు పొట్టిదో కనిపెట్టి దాని కింద అట్టముక్క మడిచి పెట్టేదాకా ఊరుకునేది కాదు. మా ఇంట్లో ఇప్పటికీ మూడు అట్టముక్కలున్నాయి. "పెద్దయ్యాక వంతెనలు కడతాను మావయ్యా" అనేది. వంతెనలు కట్టాలంటే పైతరగతిలో సైన్సు విభాగం దొరకాలి. అది దొరకాలంటే ఫిజిక్సులో అరవై రావాలి. ఈ సంగతి నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

దాని పేపరు దిద్దుతూ ఆ లెక్క దగ్గరికి వచ్చాను. కుడి స్టూలు ఎనిమిది వందలు అని రాసింది. ఎడమ స్టూలు మైనస్ వంద. దాని కింద రెండు వాక్యాలు. 'స్టూలు చెక్కను పైకి నెట్టగలదు కానీ కిందికి లాగలేదు. కాబట్టి ఈ చెక్క నిలవదు, ఎడమ వైపు లేస్తుంది.'

నా జవాబుతో ఒక్క అంకె కూడా కలవలేదు. మామూలుగా నేను జవాబు తప్పయినా మధ్యలో మెట్లు చూసి రెండో మూడో మార్కులు వేసేవాణ్ణి. ఆ రోజు మెట్ల వైపు చూడనేలేదు. సమతాస్థితి పాఠంలో లెక్క ఇస్తే సమతాస్థితే లేదంటుందా అని ఒళ్ళు మండింది. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పేజీ తిప్పేశాను. మొత్తం యాభై నాలుగు వచ్చాయి.

పేపర్లు చేతికిచ్చిన రోజు అది లేచి నిలబడింది.

"సార్, చెక్కని ఎడమ స్టూలుకి మేకులు కొట్టి బిగించారా?"

క్లాసంతా గొల్లుమంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మేకులున్నాయని ప్రశ్నలో ఉందా?"

"లేదు సార్. అందుకే అడుగుతున్నా."

"నీ తెలివంతా ఇంటి దగ్గర చూపించుకో. కూర్చో."

కూర్చుంది. ఆ ప్రశ్న వెటకారం కాదు. నా లెక్కలో చెక్క నిలబడడానికి ఉన్న ఒకే ఒక్క దారి అది, ఆ దారి తెరిచి ఉందో లేదో నన్ను అడిగింది. పదహారేళ్ళ పిల్లకి తట్టింది నాకు తట్టలేదు.

మర్నాడు గడ్డానికి కట్టు కట్టుకుని బడికొచ్చింది. "నడిచేటప్పుడు కింద చూసి నడవాలమ్మా" అన్నాను. "అలాగే సార్" అంది.

ఆ వారంలోనే మా అక్క వచ్చింది. కుర్చీలో కూర్చోను కూడా లేదు.

"తమ్ముడూ, ఆరు మార్కులే కదరా. ఒక్కసారి మళ్ళీ చూడు."

"అక్కా, మేనకోడలని మార్కులు వేశాడని నలుగురూ అంటే రేపు నేను తలెత్తుకు తిరగగలనా?"

"వెయ్యమనట్లేదు. చూడమంటున్నా."

"చూసేది ఏముంది, జవాబే తప్పు."

ఆమె వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆ రాయి లాంటి నిజాయితీని నేను చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. సొంత మేనకోడలికే మార్కు వెయ్యని మనిషినని పెళ్ళిళ్ళలో, టీచర్ల గదిలో, ఎవరు దొరికితే వాళ్ళకి. చూడమంటే చూడడానికి కూడా బద్ధకించానని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ బద్ధకానికి నిజాయితీ అని పేరు పెట్టుకున్నాను, అంతే.

దానికి సైన్సు విభాగం రాలేదు. ఏదో చదివింది, ఎక్కడో ఫోటోలకి ఫ్రేములు కట్టే దుకాణంలో పనికి చేరింది, కొన్నేళ్ళకి సొంతంగా దుకాణం పెట్టుకుంది. ఇంట్లో నన్ను 'నువ్వు' అనే పిల్ల ఆ ఏడాది నుంచి 'మీరు' అనడం మొదలుపెట్టింది. పెద్దయింది, మర్యాద నేర్చుకుంది అనుకున్నాను. నేను ఆ తర్వాత ఇంకో పంతొమ్మిదేళ్ళు అదే లెక్క బోర్డు మీద చేసి చూపించాను. వంద, ఆరు వందలు. పిల్లలు బుద్ధిగా అవే రాశారు, నేను పదికి పది వేశాను. వాళ్ళలో కొందరు ఇప్పుడు వంతెనలు కడుతూ ఉండొచ్చు.

రిటైరై మూడేళ్ళయింది. పోయిన వారం మా ముందు గదికి రంగులు వేయించాను. పెయింటరు రెండు స్టూళ్ళ మీద చెక్క పరిచి పని చేస్తున్నాడు. మూలన ఒకచోట పాత రంగు కనిపిస్తోందని నాకు అనుమానం. అతను టీ తాగుతుంటే నేనే చెక్క ఎక్కాను.

"సార్, ఆ చివరికి పోకండి. స్టూలు దాటితే చెక్క లేస్తుంది."

"ఎందుకు లేస్తుందయ్యా? అవతలి స్టూలు వంద న్యూటన్లు..." అని నోట్లోంచి వచ్చేసింది.

అతనికి నా మాట అర్థం కాలేదు. అడుగు ముందుకు వేశాను. అంతే, వెనక వైపు చెక్క స్టూలు మీద నుంచి నాలుగు వేళ్ళ ఎత్తు లేచింది. అతను టీ గ్లాసు వదిలేసి ఒక చేత్తో చెక్కనీ ఇంకో చేత్తో నన్నూ పట్టుకున్నాడు. "చెప్పాను కదండీ" అన్నాడు నెమ్మదిగా.

దిగి, పాత నోటు పుస్తకం వెతికి తీశాను. నేను లెక్క కట్టింది కుడి స్టూలు దగ్గర. అక్కడ మైనస్ వంద వచ్చింది. మైనస్ అంటే ఏదో దిశ గొడవలే అని గుర్తు కొట్టేసినట్టు పుస్తకంలో స్పష్టంగా కనిపిస్తోంది. ఇరవై రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఎడమ స్టూలు దగ్గర కట్టి చూశాను. చెక్క వల్ల నాలుగు వందలు, మనిషి వల్ల రెండు వేలు, రెండూ కలిపి మూడుతో భాగిస్తే ఎనిమిది వందలు. రెండు నిమిషాల పని. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఈ గోడకి ఏ రంగు వెయ్యాలని పెయింటరు రెండుసార్లు అడిగాడట.

మర్నాడు పొద్దున్నే ఒక తెల్లకాగితం మీద ఆ ప్రశ్న రాశాను, కింద మేనకోడలు రాసిన జవాబు రాశాను, రెండు వాక్యాలతో సహా. పక్కన ఎర్ర పెన్నుతో పది వేశాను. ఎంత తెలివితక్కువ పనో నాకు తెలుసు. కానీ ఉత్త చేతులతో ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?

దుకాణమంతా జిగురు వాసన. గోడల నిండా ఖాళీ ఫ్రేములు, ఒక్కటీ వంకరగా లేదు. అది బల్ల దగ్గర నిలబడి చెక్క మూల కోస్తోంది.

"రండి మావయ్యా. అత్తయ్యకి మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

కాగితం చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"ఫ్రేము కట్టాలా?" అంది. ఆటపట్టిస్తోందో నిజంగానే అడుగుతోందో తెలియలేదు.

"కాదమ్మా. అది నీ పరీక్ష లెక్క. నువ్వు రాసిందే సరైంది. నా జవాబు తప్పు."

మళ్ళీ మొదట్నుంచీ చదివింది. వేలు అంకెల కింద నెమ్మదిగా జరిగింది, ఒకచోట ఆగింది.

"మైనస్ వంద."

"అవును."

"అంటే లేస్తుంది."

"లేస్తుంది."

రంపం పక్కన పెట్టి స్టూలు మీద కూర్చుంది. నేను క్షమించమని అడగాలి. దారంతా ఆ మాటే అనుకుంటూ వచ్చాను. కానీ నా పాడు నోరు ఉంది కదా.

"నువ్వయినా ఆ రోజు గట్టిగా పోట్లాడాల్సింది కదే" అన్నాను. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాను.

దానికి కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"ఆ సాయంత్రం పెరట్లో వేసి చూశాను మావయ్యా. మంచం చెక్క, కింద రెండు దొంతర్లు ఇటుకలు. కొలతలన్నీ మీరిచ్చినట్టే, సగానికి తగ్గించి పెట్టా. మనిషి బదులు నేనే కొసన నిలబడ్డా." గడ్డం మీద పాత గాటుని వేలితో తాకింది. "నాలుగు కుట్లు పడ్డాయి. కాలు జారిందని అమ్మకి చెప్పాను."

ఆ గాటుని ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను. కింద చూసి నడవమన్నది నేనే.

"మరి లేచింది కదమ్మా చెక్క. నీ కళ్ళతో చూశావు కదా. అయినా నా దగ్గరికి ఎందుకు రాలేదు?"

అది కాగితాన్ని జాగ్రత్తగా మడతపెట్టింది, చిన్నప్పుడు అట్టముక్కలు మడిచినట్టే.

"నువ్వు సరిచూడకుండా ఏదీ చెప్పవు కదా మావయ్యా. నా చెక్కే వంకరేమో అనుకున్నా."