పూలక్క కన్ను

సంధ్యారాణికి ఆ పూట కాలు ఒకచోట నిలవడం లేదు. ముందుగదిలో తెల్ల పంచె పరిచి, చుట్టూ ఆడవాళ్లు కూర్చుని సకినాలు చుడుతున్నారు. ఆమె మాత్రం వాకిట్లోకీ వంటింట్లోకీ తిరుగుతూనే ఉంది. నూనె కాగిందేమో చూడ్డానికి ఒకసారి, నువ్వులు చాలవేమోనని ఇంకోసారి, ఏ పనీ లేకుండా మరోసారి. వంటింట్లో అలమారా కింద లడ్డూల డబ్బా ఉంది. అసలు సంగతి అదీ.

కూతురు రవళి ఐదో నెల పాపను తీసుకుని రేపు గోలేటికి, అత్తగారింటికి వెళ్తోంది. పాపతో పాటు సారె వెళ్లాలి. అక్కడ డబ్బాలు విప్పి ఇంటింటికీ పంచుతారు కాబట్టి సారె సకినాలు ఏ తల్లీ ఒంటిచేత్తో చెయ్యదు. గోదావరిఖని బొగ్గుగని క్వార్టర్లలో లైనుకు లైనంతా పిలుస్తారు. గడప గడపకీ వెళ్లి బొట్టు పెట్టి చెప్తే ఆడవాళ్లందరూ వచ్చి కూర్చుంటారు. ఏ ఇంటి ముందైనా ఆగకుండా పోయారంటే, మీతో మాకు పనిలేదని ముఖం మీద అన్నట్టే. ఈసారి రవళి ఒక్క ఇంటి ముందు ఆగలేదు. అది ఎదురింటి పూలమ్మ ఇల్లు.

ఆగొద్దని చెప్పింది సారవ్వ. లైన్లో పెద్దావిడ, ఆవిడ మాటకు ఎదురు లేదు. కారణం దిష్టి.

సంధ్యారాణికి ఏడాది కిందట హైదరాబాదులో పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ అయింది. అంతకుముందు నాలుగు మెట్లెక్కితే ఆయాసం, మోకాళ్ల నొప్పులు, పైగా షుగరు. ఆపరేషన్ తర్వాత మనిషి సగానికి సగం తగ్గిపోయింది. ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడిపే భర్త సదానందం కూడా, డ్యూటీ నుంచి వచ్చి వాకిట్లో నిలబడ్డ ఆమెను చూసి ఎవరో చుట్టాలొచ్చారనుకున్నాడట. ఇక లైనంతా అదే ముచ్చట. రవళి అప్పటి ఫోటో, ఇప్పటి ఫోటో పక్కపక్కన పెట్టి ఫోన్లో అందరికీ చూపించేది. డిశ్చార్జి చేసేటప్పుడు డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. తినాలన్న యావ మళ్లీ రావచ్చు, వస్తే సిగ్గుపడి దాచకండి, వెంటనే రండి అని. సంధ్యారాణి బుద్ధిగా తలూపింది.

యావ వచ్చింది. ఆమె వెళ్లలేదు. ఇంత పొగిడించుకున్నాక ఏ ముఖం పెట్టుకుని వెళ్తుంది?

సదానందం సెకండ్ షిఫ్టుకు పోయాక మొదలయ్యేది. ఒకేసారి ఎక్కువ పట్టదు కాబట్టి కొంచెం కొంచెంగా తినేది. గరిజె అనే కజ్జికాయ ముక్క, కాసేపు నడక, మళ్లీ గరిజె ముక్క. మిక్చర్ టీలో నానబెట్టి, మెత్తబడ్డాక చెంచాతో. సాయంత్రానికి డబ్బా అడుగు కనిపించేది. అది ఆకలి కాదు. ఆకలే అయితే తిన్నాక తీరేది. తీపి గబగబా లోపలికి పోతే మాత్రం పొట్ట ఊరుకోదు. గుండె దడదడలాడుతుంది, ఒళ్లంతా చెమట పడుతుంది, కళ్లు తిరుగుతాయి, ఆ తర్వాత వాంతి.

మొదటిసారి అలా అయినప్పుడు సారవ్వ ఇంటి మెట్ల మీద కూలబడింది.

"ఎవరన్న ఏమన్న అన్నరా బిడ్డా నిన్ను?" అని అడిగింది సారవ్వ.

ఆ పొద్దున్నే కూరగాయల బండి దగ్గర పూలమ్మ నవ్వుతూ, "ఏమే సంధ్యా, నా కన్నే తగిలేటట్టున్నది గదనే నీకు" అంది. గరిజె తీపి ఇంకా నాలుక మీద ఉండగానే సంధ్యారాణి, "పూలక్క అన్నది" అని చెప్పేసింది.

సారవ్వ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పెరట్లో బొగ్గుల పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. "చూసిండ్రా? ఒక్కరన్న దగ్గిండ్రా? గంత దిష్టి!" అని తేల్చేసింది. గాలి రోడ్డు వైపు కొడుతోంది, ఘాటంతా అటే పోయింది. ఆ మాట సారవ్వకు ఎవరు చెప్తారు? సంధ్యారాణికి తెలుసు. కానీ హమ్మయ్య అనుకుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు అలా అయినా ఎవరూ ఏం తిన్నావని అడగలేదు. అందరూ ఎదురింటి వైపు చూశారు.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయింది. స్టాండులో గిన్నెలు గలగలలాడాయి. ముందుగదిలో ఎవరూ తల కూడా ఎత్తలేదు. ఆ చప్పుడులో సంధ్యారాణి డబ్బా మూత తీసింది. నమలకుండానే మింగింది. ఎన్ని తింటున్నదీ లెక్కపెట్టలేదు, లెక్కపెడితే ఆగాల్సి వస్తుంది. చేతులు కొంగుకు తుడుచుకుని బయటికి వచ్చేసరికి చెవుల్లో హోరు మొదలైంది.

"అగో, మొకం చూడుండ్రి!" సారవ్వ పిండి చేతులతోనే లేచింది. "ఎట్ల పాలిపోయిందో! ఎదురుంగ గడప మీద కూసోని చూస్తుంది గద ఆమె. మంచిపని చేసుకుంటుంటే గా కన్నేంది మన మీద? రవళీ, నువ్వు పోయి తలుపేసుకొమ్మని చెప్పు. ఫో, జల్ది."

రవళి పాపను పక్కావిడ ఒడిలో పెట్టి లేచింది. వెళ్లడం ఆ పిల్లకు ఇష్టం లేదు, ముఖంలో తెలుస్తూనే ఉంది. అయినా చెప్పులు వేసుకుంది.

తెరిచిన తలుపులోంచి పూలమ్మ కనిపిస్తోంది. చేతిలో పనేమీ లేదు. ఏటా అందరికంటే ముందొచ్చి పంచె పరిచేది ఆమే.

"వద్దు. ఆగు బిడ్డా." గోడ పట్టుకుంది. "దిష్టి కాదు సారవ్వా. లడ్లు తిన్న. ఇప్పుడే, వంటింట్ల. మొన్న పడిపోయింది గూడ గందుకే. అంతకుముందు గూడ గందుకే. ఎవరు లేనప్పుడు దొంగతనంగ తింటున్న. ఆపుకుందామంటే ఆగుతలేదు. పూలక్క ఏం చెయ్యలేదు."

సారవ్వ ఆమెను జాలిగా చూసింది.

"పిచ్చిదానా! కడుపు కోసి చిన్నగ చేసినంక గంత తినబుద్ధి ఎట్లయితది? గదే మరి దిష్టంటే. కన్ను తగిలితేనే గసుంటి యావ పుడ్తది."

"అవునవును" అన్నారు ఇద్దరు ముగ్గురు.

సంధ్యారాణికి ఒళ్లు మండిపోయింది. నెలల తరబడి గొంతులో పెట్టుకున్నది నోరు విప్పి చెప్తే, అదీ తీసుకుపోయి పూలమ్మ నెత్తినే పెట్టారు! రవళి మాత్రం వంటింట్లోకి వెళ్లి డబ్బా చూసి వచ్చింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అంది చిన్నగా.

"ఎట్ల చెప్పాలె? నువ్వందరికి ఫోటోలు చూపిస్తుంటివి."

సంధ్యారాణి కుంకుమ భరిణె అందుకుని, చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు దాటింది. ఎండకు తారు కాలుతోంది.

పూలమ్మ లేవలేదు. "ఇప్పుడు యాదికొచ్చిన్నా?" అంది. "దగ్గరికి రాకు. మల్ల నీకేమన్నయితే నా పేరే చెప్తరు."

సంధ్యారాణి నిలబడే మొత్తం చెప్పింది. డబ్బాల సంగతి, చెమటల సంగతి, సారవ్వ మెట్ల మీద తను అన్న మాట.

"అంటే నా కన్ను కాదని నీకెరికేనా?"

"ఎరికే అక్కా."

"మొదటి నుంచి?"

"మొదటి నుంచి."

పూలమ్మ ముఖం ఎర్రబడింది. "పిల్లగాండ్లను కొంగుల దాసుకుంటున్నరే నేను పోతుంటే. గది సరే, లోకం. నేను గూడ నమ్మిన సంధ్యా! మొన్న పెద్దపల్లి నుంచి నా మనుమడొస్తే ఎత్తుకోలే. సక్కగ చూడలే గూడ. పసిపోరనికి నా కన్ను ఎక్కడ తగుల్తదోనని ఇంట్ల కూసున్న."

సంధ్యారాణి ఏదో అనబోయింది. మాట కంటే ముందు వాంతి వచ్చింది. కాలువ పక్కన కూలబడింది. పూలమ్మ ఏదో గొణుక్కుంటూ లేచి వచ్చి అరచేత్తో ఆమె నుదురు గట్టిగా పట్టుకుంది. అయిపోయాక చెంబుతో నీళ్లు తెచ్చింది.

"ఆపరేషన్ చేస్తే ఆకలి కాదన్నరు గద?" అంది, పక్కనే గట్టు మీద ఆయాసంగా కూర్చుంటూ.

"కడుపుకు అయితలేదు. ఇది వేరే అక్కా. ఇది పోలేదు."

పూలమ్మ తన మోకాళ్లు రుద్దుకుంది. చాలాసేపు రుద్దుకుంది.

"నేను గూడ చేయించుకుందామనుకున్న. మా కొడుకు నర్సింగానికి గూడ చెప్పలే. గందుకే రోజు నిన్ను గట్ల చూసేది. సన్నగ ఎట్లయితున్నవో, ఎట్ల నడుస్తున్నవో. నాకు గూడ గట్లనే అయితదనుకుంట చూసేది. గదానే నా దిష్టి?"

సంధ్యారాణి ఏడ్చేసింది. పూలమ్మ ఆమెను ఓదార్చలేదు.

"డాక్టరమ్మ దగ్గరికి ఎప్పుడు పోతున్నవ్?"

"రేపు రవళిని పంపిచ్చి..."

"ఎల్లుండి పొద్దుగాల బస్సుకు పోదాం. నేనొస్త. ఆమె ముందట గూడ నువ్వు అబద్ధమాడితే, నేను చెప్త." పూలమ్మ గట్టు మీదున్న భరిణెకు మూత పెట్టి, బొట్టు పెట్టించుకోకుండానే ఆమె చేతిలో పెట్టింది. "బస్సుల నీ పక్కనే కూసుంట. గని నీతోని మాట్లాడ. చెప్తున్న."