కదలని టీ

ఓడ ఎక్కడున్నా, అక్కడ మధ్యాహ్నం పన్నెండు కాగానే కెప్టెన్ ఒక రిపోర్టు పంపాలి. ఎక్కడున్నాం, ఎంత వేగంతో వెళుతున్నాం, ఎంత ఇంధనం కాలింది, సముద్రం ఎలా ఉంది అని. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఎప్పుడూ పన్నెండే కాబట్టి ఆ రిపోర్టులు రోజంతా వస్తూనే ఉంటాయి. ఓడల కంపెనీ ఆఫీసు ఆరో అంతస్తులో కిటికీ పక్క టేబుల్ దగ్గర, తెల్ల కప్పులో టీ పెట్టుకుని, అక్క వాటిని ఒక్కొక్కటే తెరుస్తుంది. సొంత చెల్లెలు కూడా అక్కడే పనిచేస్తుండటంతో ఆవిడ ఆఫీసంతటికీ అక్కే అయిపోయింది.

ఆలస్యమైన ప్రతి కెప్టెనూ నెపం సముద్రం మీదికే నెడతాడు. గోరంత గాలిని కొండంత చేసి రాస్తాడు. కానీ అక్క రిపోర్టు తెరవగానే ఆమె కప్పులో టీ, ఆ ఓడ కింద నీళ్ళు ఎలా ఉంటే అలా కదులుతుంది. తుఫానుంటే పొంగుతుంది, లేకపోతే లేదు. అందుకే పట్టికలో రెండు గడులు పెట్టుకుంది. ఒకటి ‘కెప్టెన్ చెప్పింది’, రెండోది ‘టీ చెప్పింది’. పదకొండేళ్ళ ఆ అంకెలతోనే ఓడ ఏ గంటకి రేవు చేరుతుందో ముందే చెప్పే కంప్యూటర్ మోడల్ కట్టింది. తనిఖీకి వచ్చినాయన రెండో గడికి ఆధారం ఏమిటని అడిగాడు. టీ అని చెబితే రాసుకుని, చక్కెర ఎంత వేస్తారని మాత్రం అడిగాడు.

సాయంత్రం అయిదింటికి ఆ పట్టిక డైరెక్టర్లందరికీ దానంతటదే వెళ్ళిపోతుంది. టీ మాటకి అక్కడ తిరుగులేదు. ఓడల సంగతే కాదు, ఒకసారి క్యాంటీన్ బాబాయ్ ఇంట్లో గొడవగా ఉందని సెలవుచీటీ రాసిస్తే, అక్క చదువుతుండగానే టీ సాసర్‌లోకి ఒలికింది. ఆయనకి వారం సెలవిచ్చారు.

చెల్లికి ఎక్కాలు నేర్పింది అక్క. ఈ ఉద్యోగం ఇప్పించిందీ, అలలు చూసి సున్నా నుంచి తొమ్మిది దాకా అంకె వేయడం నేర్పిందీ అక్కే. డేటా విభాగానికి పెద్దని వేస్తారని తెలిసినప్పుడు ఆ కుర్చీ అక్కదే అని అందరూ అనుకున్నారు. సోమవారం అది చెల్లికి వచ్చింది. మోడల్ మొదటి పేజీలో, తయారుచేసినవారి పేరు ఉండే చోట కూడా చెల్లి పేరే ఉంది. గురువారం చెల్లి ఒక కాగితం పట్టుకుని వచ్చి అక్క ఎదురుగా కూర్చుంది.

‘నా ఇష్టంతోనే ఉద్యోగం మానుకుంటున్నాను, మోడల్ మీద నాకు ఏ హక్కూ లేదు’ అని ఉంది అందులో. అక్క సంతకం చేయడమే మిగిలింది.

“మేనేజర్ గదిలో నీ కోసం ఎంత పోట్లాడానో నీకు తెలీదక్కా,” అంది చెల్లి. “పెద్ద తుఫానే అయింది. నీ పేరు తియ్యొద్దన్నాను, నిన్ను పంపొద్దన్నాను. ఆయన వింటేనా? అంతా రాసి నీకు మెయిల్ కూడా పెట్టాను.”

అక్క కళ్ళు చెమర్చాయి. కుర్చీ పోతే పోయింది, నా చెల్లి నా పక్కన నిలబడింది, అది చాలు అనుకుంది. కలం మూత తీసింది. పదకొండేళ్ళ అలవాటు కొద్దీ, సంతకం పెట్టేముందు ఆ మెయిల్ తెరిచింది.

టీ కదల్లేదు. పైన ట్యూబ్‌లైటు అందులో తిన్నగా కనిపిస్తోంది.

చెల్లి కూడా కప్పులోకే చూస్తోంది. ఆ టీని చదవడం ఆమెకీ వచ్చు. ఒక క్షణం ఆగి టేబుల్ కింద మోకాలు కదిపింది. టీలో అలలు లేచాయి, గుండ్రంగా, అంచు నుంచి మధ్యకి. సముద్రం అలా రాదు. ఒక పక్క నుంచి వస్తుంది.

“మోకాలు తియ్యి,” అంది అక్క.

చెల్లి తీసింది. టీ మళ్ళీ నిలిచిపోయింది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళుంటారని అక్కకి తెలుసు. తెప్ప తనే అవుతుందని మాత్రం అనుకోలేదు. కుర్చీ పోయినందుకు కలగని నొప్పి ఆ మోకాలు చూస్తే కలిగింది.

“చిన్నప్పుడు లెక్క తప్పితే కాగితం పరుపు కింద దాచేదానివి,” అంది. “నేను అమ్మకి చెప్పేదాన్ని కాదు.”

“ఇప్పుడు చెప్తావా?”

“చెప్పను. రాస్తాను.”

పట్టిక తెరిచి, ఓడ పేరు ఉండాల్సిన చోట ‘చెల్లి’ అని రాసింది. చెప్పింది: అక్క కోసం తుఫాను. టీ చెప్పింది: సున్నా. పక్కన, ‘నేను ఉద్యోగం మానుకోవడం లేదు’ అని చేర్చింది.

“అది డైరెక్టర్లందరికీ వెళ్తుందక్కా.”

“తెలుసు. అయిదింటికి.”

చెల్లి లేవలేదు. అక్క తర్వాతి ఓడ రిపోర్టు తెరిచింది. సముద్రం చాలా ఉధృతంగా ఉందని రాశాడు కెప్టెన్. ఈయన నిజమే చెప్పాడు. టీ ఒక పక్క నుంచి లేచి, కప్పు దాటి, సంతకం లేని కాగితం మీద పడింది. అక్క తుడవలేదు. రెండు గడుల్లోనూ తొమ్మిది అని వేసి, ఇంకో ఓడ తెరిచింది.