హారన్ సీటు

ఆటస్థలంలో తూర్పు మెట్ల మీద, ఇనపస్తంభం పక్కన ఒక చెక్క సీటు ఉంది. మిగతా సీట్లన్నీ మనిషి లేవగానే టప్పున పైకి మడుచుకుంటాయి. అదొక్కటే మడుచుకోదు. ఏళ్ల తరబడి ఒకే మనిషి దాని మీంచి ఎగిరి లేస్తూ, మళ్లీ ధబ్బున కూలబడుతూ ఉంటే లోపలి స్ప్రింగు చచ్చిపోయింది. ఖాళీగా ఉన్నా ఎవరో కూర్చున్నట్టే కిందికి వాలి ఉంటుంది.

ఆ మనిషి సిటీబస్సు డ్రైవరు. అందరూ హారన్ అనేవాళ్లు. బస్సుకి హారన్ పాడైపోతే బాగుచేయించక్కర్లేదు, ఆయన కిటికీలోంచి తల బయట పెడితే చాలని డిపోలో వేళాకోళం. ఆదివారం మధ్యాహ్నం ఆ గొంతంతా మైదానంలో ఊరి ఫుట్‌బాల్ జట్టు మేనేజరు మీద పడేది. అరిచే ముందు రెండుసార్లు గొంతు సవరించుకునేవాడు. ఆ సవరింపు వినగానే ముందు వరుసల వాళ్లు చెవులు మూసుకుని నవ్వేవాళ్లు.

"ఒరేయ్ కొయ్యబొమ్మా! ఆ ఎనిమిదో నంబరు వాడు కాళ్లీడుస్తున్నాడు, బయటికి లాగరా!"

మేనేజరు పొడుగ్గా, సన్నగా, గొడుగు కర్రలా గీత పక్కన నిలబడి ఉండేవాడు. అరుపు వినగానే వెనక్కి తిరిగి ఆ స్తంభం వైపు ఒకసారి చూసేవాడు. చూసి మళ్లీ ఆటలో పడేవాడు. అంతే.

వానలు మొదలైన కొత్తల్లో ఒక ఆదివారం హారన్ అలాగే లేచాడు. గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్ కొయ్యబొమ్మా, ఇటు చూడరా!" అన్నాడు. మేనేజరు ఇటు చూశాడు. హారన్ కూర్చున్నాడు. పక్కన కూర్చున్న భార్య ఎవరి చొక్కాకో గుండీ కుడుతూ, దారం పంటితో తెంపుతోంది. తెంపి తల తిప్పేసరికి ఆయన స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకుంది. ఆ గోలలో నిద్రేమిటని కూడా అనుకుంది.

ఆమెది బస్‌డిపో ఎదురుగా చిన్న బట్టలు కుట్టే దుకాణం. అందరికీ ఆమె టైలరమ్మే. ఆయన పోయాక కూడా పని ఆపలేదు. చేతికి పని ఉంటే మనసు కుదురుగా ఉంటుందని కాదు. మిషన్ చప్పుడు లేకపోతే మిగతా చప్పుళ్లు వినబడుతున్నాయని.

మొదట వినబడింది ఒక ఆదివారం మధ్యాహ్నమే. కొలతలు చూసుకునే మూల తెర వెనకాల ఎవరో గొంతు సవరించుకున్నారు. రెండుసార్లు. ఆమె కాలు మిషన్ మీద ఆగిపోయింది. సూది గుడ్డలోనే దిగి ఉంది. తర్వాత రావలసిన అరుపు కోసం ఊపిరి బిగబట్టి కూర్చుంది. అరుపు రాలేదు. తెర తీసి చూస్తే అద్దం, అద్దంలో మెడకి టేపు వేసుకున్న తను.

అప్పట్నించీ ప్రతి ఆదివారం అంతే. సవరింపు ఉంటుంది, అరుపు ఉండదు. భయం లేదు గానీ, ఆ మిగిలిపోయిన దాని కోసం ఎదురుచూడటం మాత్రం ఆమెని లోపల్లోపల కొరుక్కుతినేది. ఇంకొకటి కూడా కొరికేది. ఆ మనిషి ఆఖరి మాట తనతో అనలేదు. అంత దగ్గరగా, మోచెయ్యి మోచేతికి తగులుతూ కూర్చుంటే, ఆఖరి మాట ఆ గొడుగు కర్రకి ఇచ్చి పోయాడు.

జట్టు మాత్రం ఓడుతూనే ఉంది. ఇంతకు ముందు ఓడినా కాస్త ఆడి ఓడేది. ఇప్పుడు ఆట సగమయ్యాక ఏదో గాలి సోకినట్టు నిలబడిపోయి గోల్స్ వేయించుకుంటోంది. మేనేజరుని ఉంచాలా, పంపాలా అని ఊరంతా రెండుగా చీలింది. క్లబ్బు సొంతదారులు అభిమానులే, ఏది తేల్చాలన్నా సీటుకో మాట. దానికి తోడు అక్కడొక పాత ఆనవాయితీ ఉంది. సీటు మనిషి పోతే, ఆ ఆటల కాలం ముగిసేదాకా సీటు ఆయనదే, మాటా ఆయనదే. ఇంటివాళ్లు ఆ సీటు మీద చెయ్యి పెట్టి ఆయన తరఫున చెప్పాలి. తమ మాట కాదు, పోయినవాడి మాట. ఒక్కసారి చెప్పాక ఇక ఆయన చెప్పేదేమీ ఉండదు.

మేనేజరు సంగతి తేల్చే మీటింగు ఇంకా రెండు రోజులుందనగా మరిది దుకాణానికి వచ్చాడు. వెల్డింగు పని వాడు, కనుబొమ్మలు సగం కాలిపోయి ఉంటాయి.

"వదినా, నీకు చెప్పక్కర్లేదనుకో. అయినా చెప్తున్నా. అన్నయ్య మాట ఏంటో ఊరందరికీ తెలుసు."

"ఊరందరికీ తెలిస్తే నన్నెందుకు అడగటం?"

"ఆనవాయితీ కదా. నువ్వు చెయ్యి పెట్టి 'పంపెయ్యమన్నాడు' అను చాలు. వాణ్ణి తిట్టకుండా అన్నయ్య ఒక్క ఆదివారం ఇంటికొచ్చాడా?"

"నన్ను తిట్టకుండా అన్నం తిన్నాడా?" అందామె, గుడ్డ మీద సుద్దతో గీత గీస్తూ. "ఆ లెక్కన నన్నూ పంపెయ్యాలి."

మరిది నవ్వబోయి ఆగాడు. "వాడి మీద అరుస్తూనే కదొదినా గుండె ఆగింది. వాడే చంపాడు మా అన్నయ్యని."

ఆమె గీసిన గీత మీదే మళ్లీ గీసింది. ఆ మాట తను చాలాసార్లు అనుకున్నదే.

మర్నాడు మేనేజరే వచ్చాడు. గుమ్మంలో తల వంచుకుని లోపలికి అడుగు పెట్టి, తడిసిన కోటు బల్ల మీద పెట్టాడు. దగ్గర్నుంచి చూస్తే మైదానంలో కనిపించే మనిషి కాదు. కళ్ల కింద సంచులు, గీసుకున్న గడ్డం అక్కడక్కడా మిగిలిపోయింది.

"లోపలి గుడ్డ చిరిగిందమ్మా. కుడతారా?"

"రేపటికిస్తా." కోటు తిప్పి చూసింది. జేబు లోపలి గుడ్డ చిరగలేదు. గోళ్లతో గీకీ గీకీ పీలికలైంది.

ఆయన వెళ్లలేదు. "మీరు ఆయన పక్కన కూర్చునేవారు కదూ? ఆ స్తంభం దగ్గర."

"కూర్చునేదాన్ని."

"ఇప్పుడు ఆ సీట్లో ఎవరు కూర్చుంటున్నారమ్మా?"

"ఎవరూ కూర్చోరు."

మేనేజరు బల్ల అంచు పట్టుకున్నాడు. "ఎవరో ఉన్నారు. నేను తప్పుగా వినట్లేదు. రెండో సగంలో గొంతు సవరించుకుంటారు. రెండుసార్లు. అంత గోలలోనూ నాకు వినబడుతుంది. అరుపు వస్తుందని ఆగుతాను. ఇన్నేళ్లుగా అలవాటైపోయింది కదా, అది వచ్చాకే ఏం చెయ్యాలో తోచేది. ఒప్పుకుని కాదు, ఒక్కోసారి ఆయనన్నదానికి పూర్తిగా ఎదురు చేసేవాణ్ణి. కానీ ముందు అది వినాలి. ఇప్పుడది రాదు. నేను అలాగే నిలబడిపోతాను. ఈలోగా వాళ్లు గోల్ కొట్టేస్తారు."

ఆమె చేతిలో కోటు బరువెక్కింది. తెర వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. ఆయనా అటే చూశాడు.

"రేపొచ్చి తీసుకెళ్లండి," అంది గట్టిగా. ఆ సీటు మాట ఆమె చేతిలో ఉన్న సంగతి ఆయన ఎత్తలేదు, తెలిసినట్టూ లేదు.

ఆ సాయంత్రం చిరుగు కుడుతుంటే ఆమెకి పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. కిందటేడు మేనేజరుని తీసేస్తున్నారని పుకారు లేచింది. మరిది మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చాడు. హారన్ ముట్టలేదు. తమ్ముడు వెళ్లాక చెప్పులు వేసుకుని, మళ్లీ విప్పి, మంచం మీద కూర్చున్నాడు.

"వాడు పోతే ఎవర్ని తిట్టాలే?"

"ఇంకొకడొస్తాడు, వాణ్ణి తిట్టు."

"నా గొంతు వాడికెప్పుడు తెలియాలి? బస్సులో నేనెంత అరిచినా ఒక్కడు లోపలికి జరగడు. డిపోలో చెప్తే వినేవాడు లేడు. నేనరిస్తే వెనక్కి తిరిగి చూసేవాడు ఈ ఊళ్లో ఆ కొయ్యబొమ్మ ఒక్కడే." ఆమె వైపు తిరిగి, "నువ్వు కూడా చూడవు," అన్నాడు.

అప్పుడామె చొక్కాకి కాజాలు కుడుతోంది. నిజంగానే తలెత్తలేదు. వినబడింది, కానీ తలెత్తలేదు.

మీటింగు మెట్ల కింద గదిలో పెట్టారు. తడి వలల వాసన, గీతలు గీసే సున్నం బస్తాలు, వాటి మీదే కూర్చున్న జనం. మీటింగుకి పెద్ద, లెక్కల మాస్టారు.

"జ్వరం తగిలిన ప్రతిసారీ డాక్టర్ని మారిస్తే రోగి దక్కుతాడా?" అని లేచాడు కాంపౌండరు. ఆయన మేనేజరు పక్షం.

"ఈ డాక్టరు చెయ్యి పట్టుకున్నాకే కదయ్యా జ్వరం!" అన్నాడు మంగలిషాపు ఆయన. "మాకు కత్తి తెగకపోతే కత్తిని మారుస్తాం. తల మార్చుకుని రండి బాబూ అని కస్టమరుకి చెప్పం."

"నీ కత్తి సంగతి నా చెంపనడుగు," అన్నారెవరో. గదంతా నవ్వింది.

"నవ్వండి, నవ్వండి," అన్నాడు మరిది. "కింద లీగులోకి జారిపోయాక ఎడ్లబండ్ల మైదానంలో ఆడుకుంటూ నవ్వుదాం. వాడు ఆట మధ్యలో కొయ్యబారిపోతున్నాడు. కళ్లు మెట్ల మీద, ప్రాణం ఎక్కడో. మనిషిలో మనిషి లేడు."

"మొన్నటిదాకా కప్పు తెచ్చినవాడు అతనే," అన్నాడు కాంపౌండరు.

"ఆ కప్పులో ఇప్పుడు టీ పోసుకు తాగుదామా?"

మాస్టారు బల్ల చరిచి చేతులెత్తమన్నారు. రెండుసార్లు లెక్కపెట్టారు. అటూ ఇటూ సరిసమానం. అందరి తలలూ ఒక్కటొక్కటిగా టైలరమ్మ వైపు తిరిగాయి.

"అమ్మా, హారన్ మాట మిగిలింది," అన్నారు మాస్టారు.

అందరూ మెట్లెక్కారు. సన్నగా జల్లు పడుతోంది. మడుచుకుని ఉన్న సీట్ల వరుసల మధ్య అదొక్కటి వాలి ఉంది. జనం కాస్త ఎడంగా నిలబడిపోయారు. కాంపౌండరు తల మీది టోపీ తీశాడు.

ఆమె చెక్క మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంటుందనుకుంది. చల్లగా లేదు. ఇప్పుడే లేచి వెళ్లినవాడి సీటులా ఉంది.

"చెప్పొదినా," అన్నాడు మరిది మెల్లగా.

ఒక్క మాట చాలు. పంపెయ్యమన్నాడు. ఎవరూ కాదనరు, అందరూ విన్న తిట్లే సాక్ష్యం. ఆ గొడుగు కర్ర ఊరు విడిచిపోతాడు. ఆఖరి మాట పట్టుకుపోయినవాడు తన కంటికి ఇక కనబడడు. నాలుక మీదికి వచ్చేసిందది. సరిగ్గా అప్పుడు ఆమె వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. ఒకసారి. మళ్లీ ఒకసారి. ఆమె ఈసారి తల తిప్పింది. వెనక స్తంభం ఉంది. స్తంభానికి కారుతున్న నీళ్లున్నాయి.

"ఉంచమన్నాడు," అంది.

"వదినా!"

"తిట్టాడు. తిట్టడానికి ఆ మనిషి కావాలన్నాడు. తనరిస్తే వెనక్కి చూసేది అతనొక్కడేనన్నాడు. నాతోనే అన్నాడు." చెక్కని అరచేత్తో ఒకసారి నిమిరింది. "నేను విన్నాను."

మరిది మెట్లు దిగిపోయాడు. ఎవరూ జేజేలు కొట్టలేదు. పోయినవాడు మాట్లాడి వెళ్లినట్టు, జనం చప్పుడు చెయ్యకుండా విడిపోయారు.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నించీ ఆమె మిషన్ తొక్కలేదు. తెర ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. చెప్పినందుకు ఒక్క అరుపైనా వస్తుందనుకుంది. సవరింపు కూడా రాలేదు. దుకాణం దుకాణంలా ఉంది. తాళం వేసి ఆటకి వెళ్లింది.

తూర్పు మెట్ల దగ్గర ఆగిపోయింది. సీట్లన్నీ మడుచుకుని ఉన్నాయి. అన్నీ. స్తంభం పక్కది కూడా.

మరిది పై వరుసలో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. "నువ్వు బాగుచేశావా?" అని అడిగింది.

"నేను ముట్టుకోలేదొదినా." వాడి మొహం చూస్తే అబద్ధంలా లేదు. "రాగానే చూశా. నేనూ అడుగుదామనుకున్నా, నువ్వేమైనా..." మాట మింగేశాడు.

రెండో సగం మొదలయ్యేసరికి జట్టు ఒక గోల్ వెనకబడి ఉంది. ఎనిమిదో నంబరు వాడు కాళ్లీడుస్తున్నాడు. గీత పక్కన మేనేజరు బిగుసుకుపోయాడు. చెయ్యి కోటు జేబులోకి పోయింది. మెల్లగా వెనక్కి తిరిగి స్తంభం వైపు చూశాడు. ఆ మొహంలో ఉన్నదేమిటో ఆమెకి తెలుసు. పొద్దున తెర ముందు తన మొహంలోనూ అదే ఉంది. ఆయనకీ ఆ సవరింపు వినబడటం మానేసిందన్నమాట.

తన పాత చోటే కూర్చున్న ఆమె పక్కకి ఒరిగి హారన్ సీటుని అరచేత్తో కిందికి నొక్కింది. స్ప్రింగు బలంగా ఉంది, కొత్తదానిలా పైకి తోస్తోంది. ఒళ్లంతా బరువు వేసి పట్టుకుంది.

అప్పుడు రెండుసార్లు గొంతు సవరింపు వినబడింది. ముందు వరుసలో వాళ్లు ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. మంగలిషాపు ఆయన నోరు తెరిచాడు. వాళ్లు చూస్తున్నది తననేనని తెలియడానికి ఆమెకి ఒక క్షణం పట్టింది.

"ఒరేయ్ కొయ్యబొమ్మా!" అంది. ఆయన గొంతు కాదు అది. కొత్త గుడ్డ మీద కత్తెర నడిచినట్టు సన్నగా, చీల్చుకుంటూ పోయింది. "ఆ ఎనిమిదో నంబరు వాణ్ణి బయటికి లాగరా!"

మేనేజరు చాలాసేపు ఇటే చూశాడు. తర్వాత మైదానం వైపు తిరిగి చెయ్యెత్తాడు. ఎనిమిదో నంబరు వాడు తల వంచుకుని బయటికి వచ్చాడు.

అరచేతి కింద చెక్క పైకి తోస్తూనే ఉంది. ఆట అయిపోయి జనమంతా దిగిపోయినా ఆమె చెయ్యి తియ్యలేదు.