పైకి చదవని గుర్తు

ప్రెస్సాయనకి ఒక జబ్బుంది. కంటపడిన కాగితాన్ని చదవకుండా వదలడు. మందుసీసా మీది చీటీ, బస్సు టికెట్టు వెనకాల సూచనలు, హోటల్లో చేతులు తుడుచుకోవడానికిచ్చిన కాగితం మీది చిరునామా, ఏదైనా సరే. చదివి ఊరుకుంటాడా అంటే అదీ లేదు. అంచు ఎంత వదిలారు, సిరా ఎక్కడ పలచబడింది, గీత ఎక్కడ వంకరపోయింది, అన్నీ ఆయనకే కావాలి. నలభై ఏళ్ళుగా ఫారాలూ రసీదు పుస్తకాలూ అచ్చువేసే మనిషికి ఆ మాత్రం పిచ్చి ఉండటం సహజమేనని ఆయన భార్య నలుగురికీ సర్దిచెబుతూ ఉండేది.

మూడు వారాలుగా ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. ఒకరోజు పొద్దున లేచేసరికి ఎడమ చెవి మూసుకుపోయింది. కుడిచెవి చిన్నప్పట్నుంచీ అంతంతమాత్రమే. ఇన్నేళ్ళూ ఇంటినీ ప్రెస్సునీ లాక్కొచ్చింది ఆ ఎడమ చెవే.

ప్రెస్సుకి చెవితో పనేమిటంటారా? వాళ్ళ ప్రెస్సులో ప్రూఫు చూడటం ఇద్దరి పని. ఆయన అసలు కాగితం పట్టుకుని, కామాలూ చుక్కలతో సహా పైకి చదువుతాడు. ఆవిడ అచ్చు కాగితం ముందు పెట్టుకుని వింటుంది. సరిగ్గా ఉన్న పంక్తి పక్కన టిక్కు పెడుతుంది. చెవికీ కంటికీ తేడా వస్తే "ఆగండి" అంటుంది. ఆ ఒక్క మాట వినక మూడు వారాలైంది. ఒంటరిగా ప్రూఫు చూసుకుంటుంటే ఆయనకి ఆ గదిలో ఊపిరాడటం లేదు.

ఆసుపత్రికి ఇది నాలుగోసారి రావడం. మొదట అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి డిప్పలు తగిలించి, శబ్దం వినబడితే మీట నొక్కమన్నారు. మర్నాడు అదే గదిలో అదే పరీక్ష మళ్ళీ చేశారు. తర్వాత రక్తం తీశారు. చక్కెర చూశారు, థైరాయిడ్ చూశారు, విటమిన్లు చూశారు, ఎముకల్లో సున్నం కూడా చూశారు. చెవికీ సున్నానికీ సంబంధం ఏమిటో తెలుసుకోవాలని ఆయనకి నిజంగానే కుతూహలం పుట్టింది.

"ఈ పరీక్ష దేన్ని వెతకడానికి బాబూ?" అని వెళ్ళిన ప్రతిచోటా అడిగాడు.

"డాక్టరుగారు చెప్తారండీ" అన్నారు ప్రతిచోటా.

డాక్టరమ్మ చెప్పింది. కంప్యూటరు తెర మీంచి చూపు తిప్పకుండా నాలుగు ముక్కల్లో చెప్పింది. "చెవిలో అడ్డమేమీ లేదు. అయినా వినికిడి తగ్గిందంటే లోపల నరం మీద గడ్డలాంటిదేమైనా ఉందేమో చూడాలి. తలకి స్కానింగు తీద్దాం. కంగారు పడకండి."

కంగారు పడకండి అన్నాక పడకుండా ఉండే మొగుడెవడు? ఇంటికెళ్ళగానే విషయం కాగితం మీద రాసి భార్యకి చూపించాడు. ఆవిడ రెండుసార్లు చదివింది. ఆ సాయంత్రం ఆయన్ని పిలిచి బట్టలుతికే యంత్రం ఎలా తిప్పాలో చూపించింది. ఇంటి పన్ను కాగితాలు ఏ సొరుగులో ఉన్నాయో చూపించింది. ఆయనకి ఈవిడ వెళ్ళిపోవడానికి సర్దుకుంటోందా అనిపించింది. ఈ మనిషి లేకపోతే తాను ఎందుకూ పనికిరాడని ఆయనకి ఎప్పుడూ తెలుసు. ఆరోజు మాత్రం నిద్రపట్టలేదు.

స్కానింగు ఇవాళ పదకొండింటికి. డబ్బు ముందే కట్టాలన్నారు. కౌంటర్లో ఉన్న అమ్మాయి బిల్లు చేతికిచ్చింది. కాగితం చేతికొచ్చాక ఆయన ఊరుకుంటాడా? అక్కడే నిలబడి మొదటి వరస నుంచీ మొదలుపెట్టాడు. మొదటి వరసలోనే ఆగిపోయాడు.

చెవి లోపలి పరిశీలన, డాక్టరు.

పదడుగుల దూరంలో బెంచీ మీద కూర్చున్న భార్య దగ్గరికెళ్ళి, బిల్లు వెనకాలే రాశాడు. "నీ చెవిలోకి ఎవరైనా లైటు వేసి చూశారా?"

చెవులు సరిగా వినబడనివాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలీదు. "నా చెవిలోకా?" అంది ఆవిడ. "ఎవరూ చూళ్ళేదు. అందరూ కంప్యూటర్లోకే చూశారు."

హాల్లో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా.

ఆయన కౌంటరు దగ్గరికి తిరిగొచ్చాడు. చెయ్యని పనికి బిల్లేసి మన చెవిలోనే పువ్వు పెడుతున్నారని ఒళ్ళు మండిపోతోంది. అయినా గొంతు పెంచకుండా అడిగాడు.

"ఇది ఎలా వచ్చిందమ్మా? చూడందే చూశామని?"

"ఫారంలో టిక్కుందండీ" అంది ఆ అమ్మాయి, ఫైలు ఇటు తిప్పి. "టిక్కుంటే బిల్లులో దానంతటదే వస్తుంది. నేనేం చెయ్యను చెప్పండి?"

ఉంది. "చెవి లోపల చూశారా?" అన్న వరస చివర గడిలో, తోక కాస్త పైకి లేచిన టిక్కు. మిగతా టిక్కులన్నీ నీలం కలంతో పెట్టినవి. ఇది నలుపు. ఆయన వేలు తడిచేసి రుద్ది చూశాడు. అలుక్కుపోలేదు. కళ్ళజోడు పైకెత్తి ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు. కలం నొక్కిన గాడి లేదు.

"అమ్మాయ్, రాయని ఫారం ఒకటి ఉంటే ఇస్తావా?"

ఆ అమ్మాయి పక్కనున్న కట్టలోంచి ఒకటి చింపి ఇచ్చింది. పేరు ఖాళీ, వయసు ఖాళీ, అన్నీ ఖాళీ. ఆ గడిలో మాత్రం తోక లేచిన టిక్కు. కిందిది చూశాడు. దానికిందిది చూశాడు. అదే టిక్కు, అదే తోక.

దొరికిపోయారు అనుకున్నాడు ప్రెస్సాయన. ఏ దరిద్రుడు అచ్చేశాడో చూద్దామని అలవాటు కొద్దీ కింది మూలకి చూపు దించాడు. చీమ తలకాయంత అక్షరాల్లో ప్రెస్సు పేరుంది. పక్కన ఐదువేల ప్రతులు అనుంది.

పేరు ఆయన ప్రెస్సుదే.

గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట ఒక ఏజెంటు ఈ పని తెచ్చాడు. అసలుది పోయిందట, వాడేసిన పాత ఫారమొకటి నమూనాగా ఇచ్చాడు. చేత్తో రాసినవన్నీ చెరిపేసి దానిమీంచే అచ్చు ప్లేటు చేశాడు తను. ఒక్క టిక్కు ఉండిపోయిందన్నమాట. తర్వాత ఇద్దరూ పద్ధతిగా ప్రూఫు చూశారు. "చెవి లోపల చూశారా, ప్రశ్నార్థకం, గడి" అని తను పైకి చదివే ఉంటాడు. టిక్కుని పైకి ఎలా చదువుతారు? దానికి శబ్దమేది? ఇక ఆవిడ ప్రూఫు నిండా టిక్కులే. ఆ టిక్కుల్లో ఇదొకటి కలిసిపోయింది. నలభై ఏళ్ళ పద్ధతిలో అంత పెద్ద చిల్లుందని ఇద్దరికీ తెలీదు. తన వేలితో తన కన్నే పొడుచుకోవడం అంటే ఇదే.

స్కానింగుకి ఇంకా పావుగంట ఉంది. ఫైలూ ఆ ఖాళీ ఫారాలూ తీసుకుని, భార్య చెయ్యి పట్టుకుని లేవదీసి నేరుగా డాక్టరమ్మ గదికి నడిచాడు.

"రిపోర్టు వచ్చాక రావాలి" అంది తలుపు దగ్గర నర్సు.

"రిపోర్టు సంగతి కాదమ్మా, ఫారం సంగతి" అంటూ లోపలికి వెళ్ళాడు.

డాక్టరమ్మ తలెత్తింది. ఆయన ఫారం ముందు పెట్టి, చెవిలోకి ఎవరూ చూడలేదన్నాడు.

"చూడకుండా ఎలా ఉంటామండీ? ఇదిగో, టిక్కుంది కదా."

"ఆ టిక్కు మీరు పెట్టింది కాదు తల్లీ. నేను పెట్టింది."

ఖాళీ ఫారాలు మూడు పక్కపక్కన పరిచాడు. ఏజెంటు నుంచీ చెప్పుకొచ్చాడు. డాక్టరమ్మ ఒక్కో టిక్కు మీదా వేలు పెట్టి చూసింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. కింద గదిలో అసిస్టెంటు చెవి చూసి పంపాలి. టిక్కు చూసి డాక్టరే చూసిందని అతను పరీక్షలకి పంపేస్తున్నాడు. అతను చూశాడని ఈవిడ స్కానింగు రాసేస్తోంది. తిలాపాపం తలా పిడికెడు.

డాక్టరమ్మ లేచి, సొరుగులోంచి చిన్న లైటు తీసి, ప్రెస్సాయన భార్య ఎడమ చెవిలోకి వంగి చూసింది.

"గుబిలి" అంది కాసేపటికి. "రాయిలా గట్టిపడిపోయింది."

"అంటే? గడ్డ కాదా?"

"కాదండీ." ఆ ఒక్క ముక్కా డాక్టరమ్మ తల దించుకుని చెప్పింది.

చుక్కలు వేసి, కాసేపు నానబెట్టి, గోరువెచ్చటి నీళ్ళు సిరంజితో కొట్టారు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తారన్నమాట ఇన్నాళ్ళూ. గిన్నెలో పడిన నల్లటి ముక్క కందిగింజంత కూడా లేదు.

"ఆ ఫ్యాను ఎందుకంత చప్పుడు చేస్తోంది?" అంది ఆవిడ. తన పాత గొంతుతో, మెల్లగా.

ప్రెస్సాయన గోడ వైపు తిరిగి ముఖం తుడుచుకున్నాడు. తర్వాత ఆవిడకి జరిగిందంతా చెప్పాడు, ఏదీ దాచకుండా. ఆవిడ నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. ఫారం తీసుకుని టిక్కు కేసి చాలాసేపు చూసింది.

"ఆ ప్రూఫు మీద సంతకం నాది" అంది. "ఐదువేలు కదా వేశాం? ఎన్ని మిగిలాయి?"

"రెండు కట్టలనుకుంటా, రెండొందలుంటాయేమో" అంది డాక్టరమ్మ. అన్నాక, చెవి చూడకుండానే ఎన్ని వేలమందిని పంపేశారో తనకే అర్థమైంది.

ప్రెస్సాయన భార్య ఇంక అక్కడ నిలబడలేదు. హాల్లోకొచ్చింది. వెనకాలే ఆయనా వచ్చాడు. స్కానింగు గది ముందు నలుగురు కూర్చుని ఉన్నారు. నలుగురి ఒళ్ళోనూ ఆ ఫారమే. మొదటి కుర్చీలో ఒక పెద్దావిడ చేతిసంచీ గుండెకి హత్తుకుని కూర్చుంది.

ప్రెస్సాయన భార్య వెళ్ళి ఆ పెద్దావిడ పక్కన కూర్చుంది.

"అక్కయ్యా, మీ చెవిలోకి ఎవరైనా చూశారా?"

"ఏంటమ్మా?" అంది పెద్దావిడ, హాలంతా వినబడేట్టు.

ఈవిడ ఇంకాస్త దగ్గరికి జరిగి మళ్ళీ అడిగింది.