పచ్చదీపం కాపలా

రక్తపరీక్షల ఫలితాలను రోగుల ఫోన్లకు పంపే ప్రోగ్రాము ఒకటి ఆ ల్యాబులో ఉంది. సర్వరు లోపల, కంటికి కనపడకుండా, దాని పని అది చేసుకుపోవాలి. చేసుకుపోదు. చెప్పాపెట్టకుండా పడిపోతుంది. పడ్డప్పుడల్లా సర్వర్లు చూసుకునే ఆవిడే వచ్చి లేపాలి. చంటిబిడ్డ తల్లికైనా ఇంతకన్నా తెరిపి ఉంటుంది. ఆవిడ భర్త ఉద్యోగం వేరే ఊళ్లో. అక్కడి శాఖకు బదిలీ అడిగిన ప్రతిసారీ మేనేజరుది ఒకటే పాట: "నువ్వు లేకపోయినా అది నడవాలమ్మా. ఆ రోజే సంతకం పెడతా."

అందుకు కాపలా సాధనం కావాలి. ప్రోగ్రాము పడిపోతే అదే చూసి లేపుతుంది. అలాంటివి బోలెడున్నాయి. ఏది పెట్టాలన్న దగ్గరే బండి ఆగింది. సర్వరుతో పాటు వచ్చినది చాలంది ఆవిడ. మేనేజరుకు తెర మీద పచ్చదీపం వెలిగేదే కావాలి. ప్రోగ్రాము రాసిన పెద్దాయనను అందరూ బాబాయ్ అంటారు; ఆయన అసలేదీ వద్దన్నాడు.

"ఇన్నేళ్లూ ఏ కాపలా ఉందమ్మాయ్?"

"నేనున్నా కదా బాబాయ్!"

మీటింగు మీద మీటింగు. టీలు చల్లారాయి, ఆవిడ తల వేడెక్కింది. చివరికి ప్రాణం విసిగి పచ్చదీపానికే తలూపింది.

పెట్టిన పూటే దీపం ఆరుతూ వెలుగుతూ మినుకుమినుకుమంది.

"చూశావా, ఎంత చలాకీగా ఉందో!" మేనేజరు మురిసిపోయాడు.

అంతలో ఫోన్లు మొదలయ్యాయి. ఒక్కొక్కరికి అదే రిపోర్టు పదేసి సార్లు వెళ్లింది. "నాకు షుగరుందని ఒక్కసారి చెబితే చాలదుటండీ? ఊరంతా దండోరా వేయిస్తారా?" అని ఒకాయన ఎగిరాడు.

"నేను మొత్తుకోలేదూ?" అన్నాడు బాబాయ్, మీసం సవరించుకుంటూ.

ఆవిడ సర్వరు తెరిచి చూసింది. ఒకే ప్రోగ్రాము చీమలబారులా కిటకిటలాడుతోంది. అన్నిటినీ ఆపి, ప్రోగ్రామును మొదలుపెట్టడానికి బాబాయ్ రాసిన ఆదేశం చదివింది. దాని చివర '&' గుర్తుంది.

"ఇదెందుకు బాబాయ్?"

"అది ఉంటేనే ప్రోగ్రాము తెర వెనక్కెళ్లి నడుస్తుంది. లేకపోతే నేను తెర మూయగానే చచ్చేది. చేతికి అలవాటైపోయింది."

ఆవిడ నుదురు కొట్టుకుంది. ప్రోగ్రాము వెనక్కి నక్కుతోంది. కాపలా సాధనం దాని కోసం ఎదుటే చూసి, కనపడకపోయేసరికి చచ్చిందనుకుని ఇంకోటి లేపుతోంది. అదీ వెనక్కే పోతోంది.

"నువ్వన్నది పెట్టినా ఇంతేనా?" మేనేజరు అడిగాడు.

కాదనడానికి ఆవిడ నాలుక దురద పెట్టింది.

"ఇంతే సార్."

"అయితే పచ్చదీపమే ఉంటుంది."

"ఉంచుకోండి సార్," అంది, ఇన్నాళ్ల వాదన మొత్తం గుటకేసి.

గుర్తు తీసేసింది. ఇద్దరి ఎదుటే ప్రోగ్రామును చంపింది. దీపం ఆరింది. మేనేజరు తెర మీదికి వంగాడు. దీపం వెలిగింది, ఇక ఆరలేదు. లోపల ప్రోగ్రాము ఒక్కటే ఉంది.

"బాగానే ఉంది. మరి ఈ దీపమే పడిపోతే?"

"దాన్ని లేపమని సర్వరుతో వచ్చిన కాపలాకు చెప్పాను సార్."

"సర్వరే పడిపోతే?"

ఆవిడ బదిలీ కాగితం ఆయన ముందుకు జరిపింది. కలం మూత తనే తీసి చేతికిచ్చింది.

"లేపడానికి మీరిద్దరూ ఉన్నారు కదా సార్. ముందు ఇక్కడ పెట్టండి."

మేనేజరు బాబాయ్ వంక చూశాడు. బాబాయ్ కిటికీ వంక చూశాడు. కలం కదిలింది.