ఎండబెట్టిన బ్యాటరీల పాట

నేను ఒక టేప్‌రికార్డర్‌ని. క్యాసెట్ల కంపెనీ కొప్పిశెట్టి వీర్రాజు ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. ఎక్కడున్నా చల్లగా ఉండకూడదు. ఒక చావు పాటని ఊరేగింపు పాట చేసి అమ్ముకున్నాడు. ఆ పని నా నోటితోనే చేయించాడు.

నన్ను ఏ దేశంలో బిగించారో గుర్తులేదు. ఓడలో వచ్చాను. విశాఖపట్నం రేవులో ఒక నావికుడు రెండు సీసాల సారాకి నన్ను వదిలేసుకున్నాడు. మనిషి దాహం ముందు యంత్రం విలువ అంతే. అలా చేతులు మారి పైల నెహెమ్యా దగ్గర పడ్డాను.

నెహెమ్యా గిటారు నేర్చింది చర్చిలో, కట్టింది మాత్రం చర్చిలో వాయించనివ్వని పాటలు. ముగ్గురు స్నేహితులతో రాక్ బ్యాండ్ పెట్టాడు. కాగితం మీద ముక్క రాసేవాడు కాదు. పాట పుట్టగానే నా బొత్తాం నొక్కి పాడేవాడు. కొత్త బ్యాటరీలకి గతిలేక, అయిపోయినవాటినే రేకు కప్పు మీద ఎండబెట్టి మళ్లీ నా పొట్టలో వేసేవాడు. ఆ ఎండ బలం కాసేపే. తర్వాత నా మోటారు ముసలి ఎద్దులా ఈడ్చేది.

అతని అన్న ఎజ్రా రేవులో క్రేను ఎత్తిన బరువు జారి మీదపడి పోయాడు. జ్ఞాపకార్థ కూడికకి నెహెమ్యా ఒక పాట కట్టాడు. మెల్లని పాట. శవపేటిక మోసేవాళ్ల అడుగులా పడేది ఒక్కో మాటా. ఎండబెట్టిన బ్యాటరీలతోనే దాన్ని నాలో ఎక్కించాడు.

స్నేహితుల్ని వెంటబెట్టుకుని, ఆ టేపుతో సహా నన్ను వీర్రాజు ఆఫీసుకి పట్టుకెళ్లాడు. అక్కడ నన్ను కరెంటుకి తగిలించారు. నీరసంగా తిరుగుతూ ఎక్కించుకున్న పాటని బలంగా తిరుగుతూ వినిపిస్తే ఏమవుతుంది? పరుగెత్తింది. నెహెమ్యా గొంతు చిన్నపిల్లాడిలా కీచుమంది. వీర్రాజు కుర్చీలోంచి లేచి కాలితో తాళం వేశాడు.

"అద్గదండీ పాటంటే! ఊరేగింపులో పడిందంటే పెళ్లికూతురి తాత కూడా గెంతుతాడు."

"బేటరీలు వీకండి. అసలిది చానా మెల్లగుంటాది. మా అన్న పోయేడండి, ఆడి కోసం కట్టేను."

"మీ అన్నయ్యగారి కోసం మీరు ఇంటికాడ మెల్లగా ఏడవండి బాబూ. క్యాసెట్టు కొనేవోడు ఎందుకేడుత్తాడు? ఈ స్పీడైతే రేపే స్టూడియో. మెల్లగా అంటే, అదిగో గుమ్మం."

నెహెమ్యా గుమ్మం వైపు చూశాడు. స్నేహితులు ముగ్గురూ నెహెమ్యా వైపు చూశారు. "సర్లెండి" అన్నాడు. పేరొచ్చాక రెండో క్యాసెట్‌లో మెల్లగా పాడుకుందామని దారంతా వాళ్లకి నచ్చచెప్పాడు. రెండో క్యాసెట్ రాలేదు. నాలోని టేపు కూడా వీర్రాజు తీసి ఉంచుకున్నాడు.

పాట మాత్రం ఊళ్లన్నీ తిరిగింది. ఆటోల్లో, నిమజ్జనాల్లో, కాలేజీ వార్షికోత్సవాల్లో. కొన్నేళ్లకి వాళ్ల వీధిలోకే ఒక పెళ్లి ఊరేగింపు వచ్చింది. తల్లి సువార్తమ్మ అరుగు మీద చేపలు తోముతోంది. పాటలో ఎజ్రా పేరు వినబడి చెయ్యి ఆపింది.

"ఒరే నెహెమ్యా, నా కొడుకు సావుకి ఆళ్లేటిరా గెంతుతున్నారు?"

"ఆళ్లకి తెల్దమ్మా."

"నీకు తెల్సు గదా. ఏదీ, నువ్వు కట్టినట్టు పాడు. ఇంటాను."

గిటారు తీశాడు. కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. రెండో చరణమైనా రాకుండానే పాట పరుగందుకుంది. ఆపి మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ అంతే. స్టేజీల మీద ఆ వేగంతోనే పాడి పాడి, మెల్లని పాట అతని గొంతులోంచి కూడా పోయింది.

"పోన్లేరా, ఒగ్గీ" అని సువార్తమ్మ మళ్లీ చేపలు తోముకోసాగింది.

నేనిప్పుడు కంచరపాలెంలో పాత ఇనుప కొట్లో ఉన్నాను. తుప్పు పట్టిన ఫ్యాను రెక్కలు నా మీద. నన్ను తూకానికి వేసి నెహెమ్యా వెనక్కి చూడకుండా పోయాడు. నాకేమీ అనిపించలేదు. క్యాసెట్ ఖర్చులో సగం పాట కట్టినవాడే పెట్టుకోవాలన్నాడు వీర్రాజు ఆనాడు. దానికోసం ఎజ్రా వాటా భూమి అమ్మేశారు. పద్మనాభం ఊరి దగ్గర జీడితోట, నలభై రెండు సెంట్లు.