అడిగి తెచ్చిన కుర్చీ

కొత్తకోట అవతల ఒక చిన్న ఊళ్లో సోమమ్మ ఆరోజు తెల్లారకముందే లేచింది. ఇల్లు లేనివాళ్లవీ, వానలకు ఇల్లు కూలినవాళ్లవీ పేర్లు కొత్త ఇళ్ల కోసం రాసుకోవడానికి సర్కారు మనిషి వస్తుందని ముందురోజే చాటింపు అయింది.

కిందటిసారి వచ్చిన సారు గడప దాటలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. మంచినీళ్లిస్తే గ్లాసు వంక చూసి వద్దన్నాడు. లిస్టులో వీళ్ల పేరూ రాలేదు. సోమమ్మ మనసులో ఈ రెండూ ఒకటే అయి కూర్చున్నాయి.

అందుకే ఈసారి పక్కింటి అమృతమ్మ దగ్గర ప్లాస్టిక్ కుర్చీ, స్టీలు గ్లాసు అడిగి తెచ్చింది. కూలిపోయిన వెనకగోడకు అడ్డంగా అమృతమ్మదే మందపాటి పూల దుప్పటి కట్టింది. ఇల్లలికి ముగ్గేసింది.

మొగుడు పర్వతాలు ఇంకా గొర్లను తోలుకుపోలేదు. వాకిట్లో బీడీ కాలుస్తూ ఇదంతా చూశాడు.

"ఏందే, ఇల్లు కూలిందని చూయించుకోవాలె గని, పెండ్లిచూపులకు సదిరినట్టు సదురుతున్నవ్."

"నువ్వూకో. వచ్చినామె కూసోవద్దా? నిలవడ్డోళ్లు నిలవడ్డట్టే పోతరు, మన పేరు గూడ గట్లనే పోతది."

పొద్దెక్కాక శైలజ ఫోను పట్టుకుని వచ్చింది. ఈసారి సర్వేకు సర్కారు పంపింది ఈమెనే. గడప దాటింది, కుర్చీలో కూర్చుంది, స్టీలు గ్లాసులో చాయ్ తాగింది. సోమమ్మకు కడుపు నిండినట్టయింది.

శైలజ ఇల్లంతా ఒకసారి చూసింది. "ఈ కుర్చీ మీదేనా అమ్మా?"

అడిగి తెచ్చానని చెప్పడానికి సోమమ్మకు నోరు రాలేదు. "మాదే బిడ్డా."

శైలజ ఫోనులో ఏదో నొక్కింది. "అందరు లేదు లేదనే అంటరు. మీ ఇల్లు సక్కగనే ఉన్నది గద. మీకంటె అన్యాలంగ, గోడ గూడ లేకుంట ఉన్నోళ్లు శానమందున్నరు."

సోమమ్మ దుప్పటి పైకెత్తి చూపిస్తే సరిపోయేది. పొద్దున తను పరువు కోసం కట్టిన దుప్పటి అది, చెయ్యి లేవలేదు. వాకిట్లో పర్వతాలు బీడీ పారేసి లేచి నిలబడ్డాడు. పరాయి మనిషి ముందు పెళ్లాం మాట తీసెయ్యలేక మళ్లీ కూర్చున్నాడు.

అప్పుడొచ్చింది అమృతమ్మ. "సోమక్కా, జర నా కుర్చీ ఇస్తవా? చెప్పకుంట మా అల్లుడు వచ్చిండు, అచ్చంపేట నుంచి. మంచం మీదికి దుప్పటి గూడ కావాలె," అంటూనే ముడి విప్పి దుప్పటి లాగింది.

వెనక గోడ లేదు. తడిసిన ఎర్రమట్టి కుప్ప. దాని మీద నిలబడి ఒక గొర్రెపిల్ల లోపలికి చూస్తోంది.

అమృతమ్మ అప్పటికి చూసింది కుర్చీలో ఎవరున్నారో. "అయ్యో, కూసో మేడం. నేనింకో తాన అడుగుత."

శైలజ లేచి కుర్చీని తనే అందించింది. అమృతమ్మ వెళ్లాక మెల్లగా అడిగింది. "ఎందుకు చెప్పలేదవ్వా?"

"ఏమని చెప్పాలె బిడ్డా? ఇంటికొచ్చిన ఆడిబిడ్డకు కూసునేతందుకు పీట లేదని చెప్పాలెనా?"

శైలజ మూలన పరిచిన గొంగడి మీద కూర్చుని, ఫోనులో నొక్కినవన్నీ తుడిచి, మళ్లీ మొదటినుంచి రాసింది. "కుర్చీని చూసి రాసిన నేను. తప్పు నాదే," అంది తల ఎత్తకుండా. రాయడం అయ్యాక, "ఫోటో దియ్యాలె. దినాం ఎట్ల కూసుంటరో గట్లనే కూసోండ్రి," అంది.

పర్వతాలు వచ్చి మట్టికుప్ప పక్కన గొంతుక్కూర్చున్నాడు. "దుప్పటి పోయినంక గాలి మంచిగొస్తుంది," అన్నాడు. సోమమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ఫోటోలో ఆ నవ్వే పడింది.

"పైన ఏమంటరో నాకు తెల్వదవ్వా. నేనైతే ఉన్నది ఉన్నట్టు రాసిన," అని శైలజ లేచింది. చీర వెనకాల గొంగడి బొచ్చు అంటుకుని ఉంది.

"ఆగు బిడ్డా," అని సోమమ్మ వంగి, ఒక్కొక్క పోగే ఏరి తీసింది. పక్కిళ్లవాళ్లు పిలుస్తున్నా, అంతా తీసేదాకా శైలజ కదలకుండా నిలబడింది.